పట్టు పట్టుకోకుండా

నేను ఏడో నెలలోనే పుట్టాను. జన్మలో నేను తొందరపడి చేసిన పని అదొక్కటే.

ఆ తొందర నా కాళ్లకు చుట్టుకుంది. నిలబడితే మోకాళ్లు ఒకదానికొకటి రాసుకునేవి, మడమలు నేలకు ఆనేవి కావు, పాదాలు కత్తెరలా ఒకదాని మీదికొకటి వచ్చేవి. అనంతపురం పెద్దాసుపత్రిలో డాక్టరు దాన్ని సెరిబ్రల్ పాల్సీ అన్నాడు. మా అమ్మకు ఆ పేరు నోరు తిరగక, అడిగినవాళ్లకల్లా "పుట్టినప్పుడు మెదడుకు గాలి తగల్లేదంట" అని చెప్పేది. విన్నవాళ్లు ఈ పిల్లకు బుర్ర లేదని నిర్ణయించుకునేవాళ్లు. బుర్రకేమీ లోటు లేదు. నోటికైతే అసలే లేదు.

పదకొండేళ్లు వచ్చేదాకా నేను గోడలు పట్టుకుని తిరిగాను. పెనుకొండలో మా వీధి గోడలన్నీ నాకు చేత్తో తెలుసు. పోతులయ్య ఇంటి గోడ సున్నం అరచేతికి అంటుకుంటుంది. పక్కింటిది గరుకు, వేళ్లు చీరుకుపోతాయి. గోడ లేనిచోట అమ్మ చంక. బడికి అమ్మ ఎత్తుకుపోయేది. అయిదో తరగతికి వచ్చేసరికి నా పాదాలు ఆమె మోకాళ్లకు తగిలేవి. అయినా ఆమె చంకన కూర్చుని దారినపోయేవాళ్లకు సలహాలిచ్చేదాన్ని.

మా నాయన కాలేసాబ్‌కు బస్టాండు దగ్గర పరుపుల అంగడి ఉంది. దూది ఏకడం, పరుపులు, దిండ్లు కుట్టడం మా తాతల నుంచి వచ్చిన పని. రెండువేల మూడులో ఒకరోజు దిండ్లు కొనడానికి వచ్చిన ఒకామె, అంగట్లో మూట మీద కూర్చున్న నన్ను చూసి, హిందూపురంలో ఒక ట్రస్టు వాళ్లు ఇలాంటి పిల్లలకు నడక నేర్పుతున్నారని చెప్పింది. బెంగళూరులో చదువుకొచ్చిన సుధ మేడమ్ అక్కడ చూస్తుందనీ, నడక మిషన్ కూడా పెట్టారనీ చెప్పింది.

"మిషన్ నడిపిస్తాదా?" అని అడిగాడు నాయన.

"మిషన్ నడుస్తాది. దాని మింద పిల్లోళ్లు నడుస్తారు."

నాయనకు అర్థం కాలేదు. నాకు మాత్రం బాగా అర్థమైంది. మిషన్ నడుస్తుంది, నేను దాని మీద కూర్చుంటాను. అమ్మకు బదులు మిషన్. ఇంతకన్నా ఏం కావాలి అనుకుని, ఆ వారమే నన్ను హిందూపురం తీసుకుపొమ్మని ఇంట్లో పోరు పెట్టాను.

ఆ మిషన్ ఒక బట్టల అంగడి శెట్టిది. బరువు తగ్గడానికి కొనుక్కున్నాడట. తగ్గలేదు. ట్రస్టుకు ఇచ్చేశాడు. సుధ మేడమ్ దాని పైన వెల్డింగు చేయించి ఇనుప చట్రం నిలబెట్టించింది. చట్రానికి పైన కప్పీ, కప్పీకి తాడు, తాడుకు నడుముకూ తొడలకూ కట్టే పట్టీలు. తాడు లాగితే మన బరువులో కొంత పైకి పోతుంది, మిగిలిందే కాళ్లు మోయాలి. కింద బెల్టు మెల్లగా వెనక్కి జరుగుతుంటుంది. దాంతోపాటు అడుగులు వేయాలి.

అంటే కూర్చునే సౌకర్యం లేదన్నమాట. ఆ సంగతి నన్ను కట్టి లేపాక తెలిసింది.

బెల్టు కదలగానే కింద నేలను ఎవరో లాగేస్తున్నట్టయి కెవ్వుమన్నాను. చిన్న స్టూలు వేసుకుని ఒకపక్క సుధ మేడమ్, ఇంకోపక్క మా అమ్మ కూర్చుని, చెరొక పాదం పట్టుకుని ముందుకు వేయిస్తున్నారు. నేను పైన కమ్మీలు పట్టుకుని ఏడుస్తున్నాను.

"మడమ ముందు పడాల సబీనా. మడమ, తర్వాత వేళ్లు. మళ్లీ మడమ, వేళ్లు," అంటోంది సుధ మేడమ్, నా ఏడుపు తనకు సంబంధం లేనట్టు.

ఆ పట్టీలు పెద్దవాళ్ల కొలత. నా తొడలు ఒరుసుకుపోయాయి. సాయంత్రం నాయన ఆ ఎర్ర చారలు చూశాడు. మరుసటి వారానికి పరుపుగుడ్డతో నడుము నుంచి తొడల దాకా వచ్చే ఒక జాకెట్టు కుట్టి తెచ్చాడు. ఎర్ర చారల గుడ్డ, మూడు వరుసల కుట్టు, లోపల దూది. తెలిసిన పని కాబట్టి దూదికి వెనకాడలేదు. సుధ మేడమ్ దాన్ని తిప్పి తిప్పి చూసి, ముందు అందులో బియ్యం మూట పెట్టి తాడుకు కట్టించింది. మూట చాలాసేపు ఊగింది, కుట్లు చెక్కుచెదరలేదు. తర్వాత నన్ను కట్టింది. తొడలకు హాయిగా ఉంది. చూడ్డానికి మాత్రం కాళ్లు మొలిచిన దిండులా ఉన్నాను.

కరెంటు తరచూ పోయేది. పోతే బెల్టు ఆగేది, నేను తాడుకు వేలాడుతూ ఉండిపోయేదాన్ని. "అట్లే ఉండు, విశ్రాంతి తీసుకో," అని సుధ మేడమ్ వేరే పిల్లల దగ్గరికి పోయేది. ఒకసారి నాయన వచ్చేసరికి అదే స్థితిలో ఉన్నాను.

"ఎండకేసిన పరుపు మాదిరుండావు గదమ్మా," అన్నాడు.

నెల గడిచేసరికి ఏడుపు పోయింది. రెండు నెలలకు పొగరొచ్చింది. మిషన్ ముందు ఒక పలకలో ఎర్ర అంకెలు వెలుగుతుండేవి, ఎంత వేగం, ఎంత దూరం అని. సుధ మేడమ్ నాకు వేగం కొద్దికొద్దిగా పెంచుతూ వచ్చింది. ఇప్పుడు నా పాదాలు ఎవరూ పట్టుకోవడం లేదు. అక్కడికొచ్చే పిల్లల్లో ఎక్కువ దూరం నాదే. నేను దిగాక ఆ అంకెలు చెరిపేస్తే నాకు ప్రాణం ఉసూరుమనేది.

నా తర్వాతి వంతు చౌడేశ్వరిది. ధర్మవరం పిల్ల, నా ఈడుది. వాళ్ల నాయన వెంకటప్ప పట్టుచీరలు నేస్తాడు. బస్సులో తీసుకొచ్చేవాడు. చౌడేశ్వరికి ఎడమ చెయ్యి కూడా ముడుచుకునే ఉంటుంది, అందుకని కమ్మీలు సరిగా పట్టుకోలేదు. అటూ ఇటూ ఊగుతూ, మధ్యలో ఆగిపోతూ, తనలో తనే నవ్వుకుంటూ నడిచేది. దాని అంకెలు చూస్తే నాకు జాలేసేది. జాలిపడడం నాకు అంతకుముందు అలవాటు లేదు, ఎప్పుడూ అవతలివైపే ఉండేదాన్ని. బాగుందనిపించి కాస్త ఎక్కువగానే పడ్డాను.

"పట్టు బాగా బిగించి పట్టుకో చౌడీ, అప్పుడు జోరు వస్తాది," అని నేర్పబోయాను.

సుధ మేడమ్ వింది. "సబీనా, నీ చేతులు నడుస్తాండాయి. కాళ్లు వాటి వెంబడి పోతాండాయి, అంతే," అంది.

నాకు చాలా కోపం వచ్చింది. ఆ కోపం బడిలో తీర్చుకున్నాను. హిందూపురంలో నేను రోజుకు ఎంత దూరం నడుస్తున్నానో, ఎంత జోరుగా నడుస్తున్నానో నా పక్కన కూర్చునే నీలావతికి చెప్పాను. ఆమె అమాయకురాలు.

"అయితే ఈడ్నుంచి ఆ కొళాయి కాడికి నడువు, చూస్తా," అంది.

లేచి నిలబడ్డాను. ఒక అడుగు వేశాను. రెండో అడుగుకు చెయ్యి దానంతటదే పక్కకు పోయి, గోడ దొరక్క, నీలావతి జడ పట్టుకుంది. ఇద్దరం కింద పడ్డాం.

"మిషన్ మింద నేల కదుల్తాది నీలా," అన్నాను దుమ్ము దులుపుకుంటూ. "ఈడ నేల కదలదు. కదలకపోతే ఎట్ల నడిచేది?"

నీలావతి నమ్మింది. కొంతసేపు నేనూ నమ్మాను.

తర్వాతి వారం నుంచి సుధ మేడమ్ పద్ధతి మార్చింది. తాడు వదులు చేసింది, వేగం తగ్గించింది, కమ్మీలు పట్టుకోవద్దంది. అంకెలు కనపడకుండా పలక మీద తుండుగుడ్డ వేసింది. మిషన్ దిగిన వెంటనే గదిలో నేల మీద నాలుగడుగులు వేయమనేది. నేను వేయలేకపోయేదాన్ని. చౌడేశ్వరి ఊగుతూ, పడుతూ, లేస్తూ వేసేది.

"మిషన్ మింద నేల నీ దగ్గరికొస్తాది. బయట నువ్వే నేల దగ్గరికి పోవాల," అంది మేడమ్.

నేల దగ్గరికి పోవడం నాకు బాగా వచ్చు, రోజుకు పదిసార్లు పోతుంటాను అన్నాను. ఆమె నవ్వలేదు. ఆ రెండు వారాలు నాకు బస్సెక్కే రోజే కడుపునొప్పి వచ్చేది.

ఆ ఎండాకాలంలోనే ధర్మవరం ప్రయాణం పడింది. సెంటర్‌లో నా జాకెట్టు చూసినప్పటి నుంచి వెంకటప్పకు నాయన కుట్టు మీద గురి. తన ఇంటికీ, వెనక వీధిలో ఉండే తన అన్న ఇంటికీ పరుపులు కుట్టి ఇమ్మన్నాడు. అవి లగేజీ ఆటోలో వేసుకుని నాయన, అమ్మ, నేను పొద్దున్నే పోయాం.

వెంకటప్ప ఇంటి పక్కన ఒక సందు ఉంది. సందు చివర మరుగుదొడ్డి. ఆ రోజు సందు పొడవునా, ఈపక్క ఒకటి, ఆపక్క ఒకటి, మగ్గానికి ఎక్కించాల్సిన పట్టు పడుగులు చాచి కట్టి ఉన్నాయి. ఒక్కో పడుగులో వేల దారాలు, కర్రల మీద నడుమెత్తున, గుడ్డలా పరుచుకుని ఉన్నాయి. ఒకటి కుంకుమరంగు, ఒకటి నెమలిరంగు. వాటి మధ్య ఒక మనిషి పోయేంత దారి.

పెద్దవాళ్లు ఇంట్లో పరుపులు వేయించుకుంటున్నారు. చౌడేశ్వరి తను ఆనుకుని నడిచే చేతిబండి తోసుకుంటూ, గోడ పట్టుకుని వస్తున్న నన్ను సందు మొదట్లో ఉన్న గుమ్మం దగ్గరికి తీసుకొచ్చి పడుగులు చూపించింది. వాళ్ల అవ్వ జయమ్మ అక్కడ పీట మీద కూర్చుని దారాలు సరిచేస్తోంది.

"నువ్వు ఇంగా బండి మిందనేనా?" అన్నాను చౌడేశ్వరితో, ఏదో నేను పరుగుపందెం నుంచి వచ్చినట్టు. ఆమెకు చూపించాలని గుమ్మం వదిలి ఒక అడుగు వేశాను. కాళ్లు వణికాయి. నడుమెత్తున, సరిగ్గా మిషన్ కమ్మీ ఉండేచోట, కుడిపక్క ఏదో తగిలింది. బిగించి పట్టుకున్నాను.

పట్టు దారం గట్టిది అంటారు. పిల్ల బరువుకు అంత గట్టిది కాదు. కర్ర పక్కకు ఒరిగింది. నేను కుంకుమరంగు పడుగుతో సహా మెల్లగా, చాలా మెత్తగా నేలకు దిగాను. లేచేసరికి రెండు పిడికిళ్లలో తెగిన దారాలు.

చప్పుడుకు అందరూ వచ్చారు. వెంకటప్ప నోరు తెరిచి మళ్లీ మూసుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. అమ్మ నా చేతివేళ్లు ఒక్కొక్కటే విడదీసి దారాలు తీసింది. నాయన తలొంచుకుని, "నష్టం నేను చూసుకుంటానన్నా," అన్నాడు.

"ఊరుకో కాలేసాబూ," అంది జయమ్మ. "తెగిన దారాలు అతికితే అతుకుతాయి. పాప మింద ఎవరూ కోప్పడొద్దండి. అది కావాలని చేసిందా? ఇంగ మీరు పొండి, నా పని నన్ను చేసుకోనీండి."

కర్ర నిలబెట్టించి, ఆమె పీట దగ్గరికి జరుపుకుంది. వేళ్లకు బూడిద అద్దుకుని, తెగిన కొసను కొసతో కలిపి మెలివేయడం మొదలుపెట్టింది. నన్ను ఆమె పక్కనే గడప మీద కూర్చోబెట్టారు. ఏడుపు ఆపడానికి చౌడేశ్వరి వాళ్లమ్మ మజ్జిగ ఇచ్చింది. తాగి మళ్లీ ఏడ్చాను. మళ్లీ ఇచ్చింది. ఏడుపు తీరేసరికి చెంబు ఖాళీ అయింది. మిగిలిన పరుపులు దించడానికి నాయన, అమ్మ, వెంకటప్ప దంపతులు అందరూ వెనక వీధికి పోయారు. చౌడేశ్వరి కొత్త పరుపు మీద పడుకుని నిద్రపోయింది.

అప్పుడు ఆ మజ్జిగ తన పని మొదలుపెట్టింది.

కాసేపు ఓర్చుకున్నాను. ఇంకాసేపు ఓర్చుకున్నాను. "అవ్వా," అన్నాను.

"ఏమ్మా?"

"ఒంటికి పోవాల."

జయమ్మ తలెత్తలేదు. రెండు చేతుల్లో, పంటికింద కూడా దారాల కొసలు ఉన్నాయి. పంటికింది కొస తీసి, "నేనిప్పుడు చెయ్యి వదిల్తే అతికిందంతా జారిపోతాది తల్లీ. మీయమ్మ వచ్చేదాకా ఉంటావా?" అంది.

"ఉండలేనవ్వా."

"అయితే పో. పట్టు ముట్టుకోవద్దు."

గుమ్మం పట్టుకుని లేచి నిలబడ్డాను. సందు చివర రేకు తలుపు కనిపిస్తోంది. ఈపక్క కుంకుమరంగు, ఆపక్క నెమలిరంగు. గోడలు వాటి వెనకాల, నాకందనంత దూరంలో. పాకుతూ పోవచ్చు, కానీ కడుపు నేలకు ఒత్తుకుంటే అంతే సంగతులు. నా చేతుల సంగతి నాకు తెలుసు, వదిలితే అవి ఊరుకోవు. అందుకని రెండు చేతులనూ ఛాతీ మీద, నమాజులో కట్టుకున్నట్టు, ఒకదాన్నొకటి పట్టుకునేలా కట్టేశాను.

అడుగు వేశాను. మడమ, వేళ్లు. ఒళ్లు పక్కకు ఒరిగింది. దారాలు మోచేతికి జానెడు దూరంలో మెరిశాయి. వెంకటప్ప నోరు తెరిచి మూసుకోవడం గుర్తొచ్చి నడుము దానంతటదే నిలబడింది. ఇంకో అడుగు. మడమ, వేళ్లు. కాళ్లకు ఆ లెక్క తెలుసు. ఇన్ని నెలలు బెల్టు వాటికి నూరిపోసింది అదొక్కటే. తెలియనిదల్లా చేతులకూ నాకూ. ఒకచోట ఆగిపోయి, ఊపిరి బిగబట్టి, ఊగుతూ నిలబడ్డాను. ఆగితే పడతాను. పడితే రెండు పడుగులూ పోతాయి. పడకపోయినా ఇంకో ప్రమాదం ముంచుకొస్తోంది. మళ్లీ నడిచాను.

రేకు తలుపు చేతికి తగిలింది. సమయానికి చేరానా అంటే, పూర్తిగా చేరానని చెప్పను.

కానీ చేరాను. జీవితంలో మొదటిసారి ఏదీ, ఎవరినీ పట్టుకోకుండా ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేరాను. లోపల కూర్చుని ఆ సంగతి తెలుసుకుని, మళ్లీ ఏడ్చాను. ఈసారి మజ్జిగ ఇవ్వడానికి ఎవరూ లేరు.

"అవ్వా, నేను పట్టుకోకుండా వచ్చినా," అని తలుపు సందులోంచి అరిచాను.

"మేలు," అంది జయమ్మ. ఆమె పట్టు గురించి అంటోంది.

అమ్మ వచ్చి నన్ను ఎత్తుకుని బయటికి తెచ్చాక అందరికీ చెప్పాను. అమ్మ నా పావడా తడి చూసి, ఏడ్చి ఏడ్చి ఏదో అంటోందనుకుంది. నాయన జయమ్మను అడిగాడు. "నేను దారాలు చూస్తాంటినప్పా, పాపను చూడలే," అందామె. చౌడేశ్వరి నిద్రలో ఉంది. నా మాటకు సాక్షి ఆ రేకు తలుపొక్కటే.

తర్వాతి సారి హిందూపురం పోగానే సుధ మేడమ్‌కు మొత్తం చెప్పాను. ఆమె కుర్చీ జరుపుకుని కూర్చుని, "ఏదీ, నడువు," అంది. నడిచాను. రెండో అడుగుకు బల్ల పట్టుకున్నాను. చేతులు కట్టుకుని మళ్లీ లేచాను. ఈసారి మూడో అడుగుకు పడ్డాను. సిగ్గుతో తలెత్తలేదు.

"నమ్మరు కదా మేడమ్?"

"నమ్ముతా," అంది ఆమె. "నువ్వు గొప్పలు చెప్పుకునేటప్పుడు పావడా తడిసిందని చెప్పవు."

అమ్మ పక్కనుంచి, "భయానికి నడిచిందంటారా మేడమ్?" అని అడిగింది.

"భయానికి ఎవరూ నడవరమ్మా. కాళ్లలో బలం లేకుంటే భయపడి ఆడనే కూలబడేది. కాళ్లకు ఇయ్యాల్సిన బలం మిషన్ ఇచ్చింది. చేతులు వదలడం నేర్పేదానికి మిషన్‌కు రాదు, నాకూ తొందరగా రాలే."

ఆమె ఆ రోజే సెంటర్ వరండాలో, ఈ చివరి నుంచి ఆ చివరికి, నడుమెత్తున రెండు సన్నదారాలు కట్టించింది. మిషన్ మీద నడిచినంతసేపు నడవడం, దిగి వాటి మధ్య నడవడం. దారం తెగితే మళ్లీ మొదటికి. తెగిందో లేదో చూసే పని చౌడేశ్వరికి అప్పజెప్పింది. చౌడేశ్వరి నా మీద ఏమాత్రం జాలి చూపలేదు. ఒక ఉండ దారం అయిపోయింది. ఇంకోటి తెచ్చారు. వానలు వెళ్లిపోయి చలి మొదలయ్యాక ఒకరోజు వరండా చివరికి పోయి వెనక్కి తిరిగి చూస్తే, రెండు దారాలూ అలాగే ఉన్నాయి. చౌడేశ్వరి అటూ ఇటూ వెళ్లి పట్టి పట్టి చూసి, ముడులు కూడా లాగి చూసి, తప్పదన్నట్టు తలూపింది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

వెంకటప్ప మా దగ్గర పట్టుకు పైసా తీసుకోలేదు. ఆ చీరలో అక్కడక్కడా ముడులు తగులుతాయని అమ్మకుండా, చౌడేశ్వరి వాళ్లమ్మే కట్టుకుంది. ఎక్కడైనా కనిపిస్తే నేను ఆమె చీరనే చూస్తూ నిలబడేదాన్ని.

నేను ఇప్పుడు ఇంట్లో ఏమీ లేకుండా, బయట ఒక కర్ర సాయంతో నడుస్తాను. వెనకనుంచి చూస్తే అందమైన నడకేమీ కాదు. ముందునుంచి నేను చూసుకోలేదు.

పదో తరగతి పాసై ఇంటర్‌కు హిందూపురం వచ్చినప్పుడు, హాస్టల్ నుంచి కాలేజీకి నేనే నడుచుకుంటూ పోయాను. గేటు దాటి, వరండా దాటి, మొదటి రోజు ఎంతో హుందాగా పోతే, నా క్లాసు మేడ మీద ఉందన్నారు. మెట్ల ముందు నిలబడ్డాను. సుధ మేడమ్ నేర్పిన నేలంతా చదునుగానే ఉండేది. చివరికి మెట్ల మీద కూర్చుని, వెనక్కి ఒక్కో మెట్టే ఎక్కడం మొదలుపెట్టాను. సగంలో ఉండగా తెలుగు లెక్చరర్ సుశీలమ్మ పైనుంచి దిగుతూ నన్ను చూసింది. నా పక్కనే మెట్టు మీద కూర్చుని, నేను ఆయాసం తీర్చుకునేదాకా ఉంది. మర్నాటికి మా క్లాసును కిందికి మార్పించింది.

కింద ఖాళీగా ఉన్నది ఒకటే గది, పాత సామాను పెట్టేది. అందులో ఫ్యాను లేదు, కిటికీ ఒకటే. ఫిబ్రవరి చివరికే ఎండలు ముదిరి క్లాసంతా పుస్తకాలతో విసురుకుంటూ కూర్చుంది. నా బెంచీలో కూర్చునే పిల్ల ఒకరోజు చెమట తుడుచుకుంటూ నా చెవిలో, "సబీనా, నీకు పుణ్యముంటాది, మెట్లెక్కేది ఎప్పుడు నేర్చుకుంటావే?" అంది.

నేర్చుకున్నాను. రెండో ఏడాది పరీక్షలు అయిపోయిన వారానికి.